స్టీలు డబ్బాలో బురద

పడవ మీద పనిచేసేవాళ్ళు ఆయన అన్నం డబ్బాలో బురద పోశారు. మామూలు బురద కాదు. ఓడలు కక్కిన నూనె, ఊడిపడిన రంగు పెచ్చులు, ఊరి మురుగు అన్నీ రేవు అడుగున కలిసి ఊరి, నల్లగా, జిగటగా, చేత్తో తీస్తే పేగుల్లా సాగే బురద. కింద అన్నం అలాగే ఉంది. దాని మీద కూర అలాగే ఉంది. ఆ పైన బురద పోసి, అంచుల దాకా శ్రద్ధగా సర్ది, మూత బిగించి, డబ్బాని గుడ్డసంచిలో ఉన్నది ఉన్నట్టు పెట్టేశారు. మధ్యాహ్నం ఆయన మూత తీశాడు. పక్క బల్లల వాళ్ళు తలలు వంచుకుని ఓరకంట చూస్తున్నారు. ఆయన ఒక్క నిమిషం లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి పనిలో పడ్డాడు.

ఆయన మీద జాలిపడాలో, మండిపడాలో ఆయన చెల్లెలికి ఈనాటికీ తేలలేదు. పొద్దున ఆ డబ్బా సర్దింది ఆవిడే. సాయంత్రం వంటింట్లో దాన్ని తెరిచిందీ ఆవిడే. తెరిచి, పెరట్లోకి పరుగెత్తి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి తిరిగొచ్చింది.

"ఏమిటన్నయ్యా ఇది? ఏం చచ్చింది ఇందులో?"

"ఏం చావలేదు. రేవు బురద."

"ఎవరు పోశారు?"

"పడవ వాళ్ళు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? మూత బాగానే పెట్టారు. సంచికి అంటలేదు."

ఆయన మాటలు ఇలాగే ఉంటాయి. ఎదుటివాడు ఉమ్మేసినా అది ఎంత దూరం నుంచి పడిందో చూసే మనిషి.

భార్య పోయాక ఆయన చెల్లెలి ఇంటి ముందుగదిలోకి వచ్చి చేరాడు. పిల్లలు లేరు. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, కిటికీ మీద ఒక అద్దం. ఉద్యోగం మాత్రం వింతది. సముద్రం అడుగు మట్టిలో విషం ఎంతుందో లెక్కగట్టే ఆఫీసు ఆయనది. పడవ వాళ్ళు మట్టి తెస్తారు. పరీక్షల గది వాళ్ళు దాన్ని ఆరబెట్టి, జల్లించి, ఆసిడ్‌లో ఉడకబెట్టి సీసం ఇంత, పాదరసం ఇంత, రాగి ఇంత అని అంకెలు రాస్తారు. ఈయన మట్టి తేడు, పరీక్షించడు. ఆ అంకెల్ని నమ్మొచ్చా, కూడదా అని చెప్పడం ఈయన పని. నమ్మొచ్చు అనుకుంటే "చెల్లుతుంది" అని ముద్ర వేస్తాడు. లేకపోతే "చెల్లదు".

అది తేల్చడానికి ఆయన దగ్గర పాడు ఎత్తులు చాలా ఉండేవి. ఒకే మట్టిని రెండు సీసాల్లో నింపి, వేరు వేరు నంబర్లు అంటించి పంపేవాడు. రెండింటికీ ఒకే జవాబు రాకపోతే పరీక్షల గదికి మూడినట్టే. ఇంకోసారి ఏమీ లేని శుభ్రమైన ఇసుక పంపేవాడు. అందులోనూ సీసం కనబడిందంటే మురికి సముద్రంలో లేదు, మీ చేతుల్లోనే ఉందని అర్థం. ఇలాంటి మనిషిని ఏ ఆఫీసులోనూ ఎవరూ నెత్తిన పెట్టుకోరు. అందరూ ఆయనకి "చాదస్తం" అని పేరు పెట్టారు. చివరికి టీ తెచ్చేవాడు కూడా "చాదస్తం సారుకి పంచదార తక్కువ" అనేవాడు, ఆయన ముందే.

ఇంట్లోనూ అదే వరస. చెల్లెలు కుట్టుమిషను పెట్టుకుని ఇరుగుపొరుగు వాళ్ళకి బట్టలు కుట్టేది. ఒక ఏడాది వచ్చిన వాళ్ళందరూ బట్టలు బిగుతయ్యాయని గొడవ. జనం తిని లావెక్కుతున్నారని ఈవిడ తిట్టుకుంటూ కూర్చుంది. ఆయన ఒక ఆదివారం ఆవిడ టేపు తీసుకెళ్ళి ఇనుప స్కేలు పక్కన పరిచాడు.

"వాళ్ళు లావెక్కలేదు. నీ గుడ్డ టేపు సాగింది. మనిషిని దీంతో కొలుస్తావు, బట్ట బల్ల మీది గీతలతో కత్తిరిస్తావు. ఇంకేం పడుతుంది?"

చెల్లెలి మొగుడు కరెంటు పని చేస్తాడు, నవ్వితే ఇల్లు దద్దరిల్లుతుంది. ఆ రోజు నుంచి పాలగిన్నె దించినప్పుడల్లా "బావగారూ, ఇవి చెల్లుతాయా?" అని అడిగేవాడు. ఆయన నిజంగానే వాసన చూసి చెప్పేవాడు.

ఇక బురద సంగతి. ఆఫీసులో పెద్దాయన గదిలో గోడ మీద అద్దాల చట్రంలో ఒక గీత ఉండేది. రేవు అడుగు మట్టి ఏటికేడాది ఎంత శుభ్రపడుతోందో చూపించే గీత. ఎడమవైపు పైన మొదలై కుడివైపు కిందికి హాయిగా జారిపోతుంది. వచ్చిన ప్రతి అతిథినీ పెద్దాయన దాని పక్కన నిలబెట్టి ఫొటో తీయించేవాడు. చాదస్తానికి ఆ గీతంటే కంపరం. ఊరు పెరిగింది, ఓడలు పెరిగాయి, మురుగు గొట్టాలు పెరిగాయి, బురద మాత్రం స్నానం చేసినట్టు శుభ్రపడుతోంది. జంట సీసాలు పంపి చూశాడు, జవాబులు కలిశాయి. వట్టి ఇసుక పంపి చూశాడు, ఏమీ కనబడలేదు. పరీక్షల గదిలో తప్పు లేదు. మరెక్కడుందో చూద్దామని పడవెక్కాడు.

ఎక్కిన కాసేపటికే వాంతి చేసుకున్నాడు. పడవ వాళ్ళకి అదొక పండగ. పడవ నడిపే సరంగు వెనక నుంచి, "సారూ, ఇది చెల్లుతుందా?" అని అడిగాడట. తర్వాత ఇనుప దవడని దింపారు. నోరు తెరుచుకుని అడుగుకు పోయి, మట్టిని కరిచి పట్టుకుని పైకొస్తుంది కాబట్టి వాళ్ళు దాన్ని దవడ అంటారు. పైకొచ్చింది. పైన నాలుగు వేళ్ళ మందాన నల్లటి గుజ్జు వణుకుతోంది, కుళ్ళిన గుడ్ల కంపు. దాని కింద గట్టిగా, బూడిదరంగులో, ముద్దుగా బంకమన్ను. సరంగు ముక్కు అవతలికి తిప్పుకుని దవడని ఒక పక్కకి ఒంచాడు. నల్లది జారి సముద్రంలో పడిపోయింది. మిగిలిన దాని మీద గొట్టంతో నీళ్ళు కొట్టాడు. నడుమ నుంచి బూడిదరంగు మన్ను గరిటెతో తీసి సీసాలో పెట్టి, సీసాని గుడ్డతో తుడిచి చూపించాడు.

"చూడండి సారూ, ఎంత నీటుగా ఉందో. ఇంట్లో షోకేసులో పెట్టుకోవచ్చు."

"పైనున్నది ఏది?"

"ఏది, ఆ చెత్తా? పారబోశాం."

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఎప్పట్నుంచో. పెద్దసారే చెప్పారు శుభ్రంగా తెమ్మని. అసహ్యం కదండీ."

నిజమే, పెద్దసారే చెప్పాడు. ఏనాడో ఎవరో గొప్పవాళ్ళు ఆఫీసు చూడ్డానికి వచ్చినరోజున, మట్టి సీసాలు దాచే చల్లగదిలో సీసాలు కంపు కొట్టాయి, మూతలకి నల్లగా కారి ఉంది. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కాస్త శుభ్రంగా తెండయ్యా, నలుగురూ చూసేవి, అన్నాడు. అంతే. వీళ్ళు శుభ్రంగా తేవడం మొదలుపెట్టారు. నల్లటిది నిన్నమొన్నటి పాపం, అది నీళ్ళలోకి పోయింది. కిందిది రేవు పుట్టకముందు, వీళ్ళ తాతలు పుట్టకముందు పేరుకున్న మన్ను, అది సీసాలోకి వచ్చింది. ఒంచడం అలవాటైన కొద్దీ ఇంకా బాగా ఒంచారు. గోడ మీది గీత ఇంకా కిందికి జారింది.

ఎవరో లంచం తిని ఈ పని చేయించి ఉంటే చెల్లెలికి ఇంత రోత పుట్టేది కాదు. లంచానికి ఒక ముఖముంటుంది, తిట్టుకోవచ్చు. ఇక్కడ ముఖం లేదు, ముక్కులే ఉన్నాయి. చదువుకున్నవాడి ముక్కూ, చదువు లేనివాడి ముక్కూ ఒకదానికొకటి సాయం పట్టి, రేవెడు విషాన్ని మాయం చేశాయి. ఎవరి చేతికీ మురికి అంటలేదు.

అన్నగారు మర్నాడు ఆ అంకెలన్నిటి మీదా, ఆ ఏడాదివే కాదు వెనక వాటి మీద కూడా, "చెల్లదు" అని వేశాడు. అంటే పడవ వాళ్ళు పోటుమీదున్న సముద్రంలో మళ్ళీ ప్రతిచోటుకీ పోయి, మళ్ళీ దవడ దింపి, ఈసారి ఒంచకుండా, పైనీళ్ళు సన్నగొట్టంతో మెల్లగా లాగేసి, నల్లటి గుజ్జునే తీసి తేవాలి. దానికి జవాబుగా వాళ్ళు ఆయన డబ్బాలో ఆ నల్లటి గుజ్జు పోశారు. అసహ్యమని ఏనాడూ సీసాలో పెట్టనిదాన్ని, తోటి మనిషి అన్నంలో పెట్టడానికి మాత్రం ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో చెల్లెలికి మొదట తట్టిన సంగతి వేరు. వాళ్ళ ఇళ్ళ వరస వెనక పెద్ద పల్లం ఉంది. వానకి నీళ్ళు నిలుస్తాయి, దోమలు. రేవు లోతు చేయడానికి తవ్వే బురదతో ఆ పల్లం పూడుస్తామని ఆఫీసు వాళ్ళు మాటిచ్చారు. బురద శుభ్రమైనదని అంకెలున్నాయి కదా. వరసలో అందరికీ సంబరం. అందరికన్నా పక్కింటాయనకి. అన్నగారు ఆరేసిన బట్టల నీళ్ళు తన గోడ మీద కారుతున్నాయని చెల్లెలితో పోట్లాడి మాటలు మానేసిన మనిషి. పూడ్చమని అర్జీలు పెట్టింది ఆ పక్కింటాయనే. చెల్లెలి పెరటి తలుపు తీస్తే అడుగు దూరంలో పల్లం. ఆవిడ మిషను ఆ తలుపు దగ్గరే.

"అన్నయ్యా, ఇదే కదా వాళ్ళు వెనకాల పోయబోయేది?"

"దాదాపు ఇదే."

"మరింకేం. దీన్ని పరీక్ష చేయించు. వాళ్ళ చేత్తో వాళ్ళే తెచ్చిచ్చారు."

"చెల్లదు."

"ఏమిటి చెల్లదు?"

"డబ్బా స్టీలుది. స్టీల్లో క్రోమియం ఉంటుంది, నికెల్ ఉంటుంది. గోడలకి అంటిన మట్టిలోకి అవి దిగుతాయి. కింద కూర ఉంది, నూనె ఉంది. ఎక్కడ తీశారో తెలీదు, ఎప్పుడు తీశారో తెలీదు. పొద్దుట్నుంచి ఐసులో పెట్టకుండా ఉంది. నేనే అయితే దీన్ని చూడకుండా పక్కన పడేస్తాను."

"నీ కడుపు మాడింది కదా పొద్దుట్నుంచి, అది చెల్లుతుందా?"

ఆయన నవ్వాడు. "అది నువ్వు వేరే వండిపెడితే చెల్లుతుంది."

పారేయమన్నాడు. ఆవిడ పారేయలేదు. మూత బిగించి, పెరట్లో బోర్లించిన గంగాళం కింద దాచింది.

పడవ వాళ్ళు కొత్త బురద తేలేదు. తవ్వే ఓడ వచ్చి రేవులో నిలబడింది, ఇప్పుడు టైము లేదన్నాడు పెద్దాయన. పాత అంకెలతోనే కానిద్దాం, ఎవరికైనా అనుమానాలుంటే అడగమనండి అని వరస వాళ్ళందరినీ ఆఫీసు హాల్లో కూర్చోబెట్టాడు. గోడ మీది గీతని పెద్దది చేసి తెర మీద వేశాడు. బల్ల మీద పూలగుత్తి, మంచినీళ్ళ సీసాలు, చేతులు తుడుచుకునే సువాసన కాగితాలు. చాదస్తాన్ని ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు వరసలో పక్కింటాయన.

చెల్లెలు లేచి బల్ల దగ్గరికి నడిచింది. సంచిలోంచి డబ్బా తీసి పూలగుత్తి పక్కన పెట్టి మూత లాగింది. గంగాళం కింద మగ్గిన బురద, అన్నం కలిసి పులిసిన కంపు ఒక్కసారి హాలంతా కమ్మింది. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దాయన రుమాలు ముక్కుకి చేరింది.

"మీ రేవు ఇది. మీ గీత ఏమో కిందికి పోతోంది. కాస్త వాసన చూసి చెప్పండి," అంది.

పెద్దాయన తెలివైనవాడు. కోప్పడలేదు. రుమాలు దించకుండానే మైకు అందుకున్నాడు. "అమ్మా, మట్టి మంచిదో కాదో నా ముక్కు చెబితే సరిపోదు, మీ ముక్కు చెప్పినా సరిపోదు. చెప్పాల్సిన మనిషి ఇక్కడే ఉన్నారు, అదృష్టం కొద్దీ మీ అన్నగారే. ఏమండీ, ఈ డబ్బాలోది చెల్లుతుందా?" అని మైకు ఆ మూలకి పంపాడు.

ఆయన లేచాడు. చెల్లెలి వైపు చూశాడు. ఒక్క మాట, ఒకే ఒక్క అబద్ధం, ఆవిడ కళ్ళతో అడుగుతూనే ఉంది.

"చెల్లదు," అన్నాడు మైకులో.

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే మైకు ఎవరో చేతిలోంచి లాగేసుకున్నారు. ఆయన మాత్రం ఆగలేదు. "ఇది చెల్లదు. తెర మీదవీ చెల్లవు. రెండూ ఎలా తీయకూడదో అలా తీసినవే," అని కుండబద్దలు కొట్టినట్టే చెప్పాడు. మైకు లేని గొంతు ముందు వరస దాటలేదు. చెల్లెలు విన్నది. పక్కింటాయన కూడా విన్నాడు, విన్నట్టు ఆయన ముఖంలో తెలిసింది కూడా. విని, నలుగురితో పాటు చప్పట్లు కొట్టాడు.

డబ్బా సంచిలో పెట్టుకుని ఆ నవ్వుల మధ్య నుంచి బయటికి నడవడం చెల్లెలికి తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చాక అన్నగారిని నిలదీసింది.

"ఒక్క మాటకి నీ సొమ్మేం పోయేదన్నయ్యా?"

"సరంగు తనకి నచ్చనిది పారబోశాడు. నేను మనకి నచ్చింది పోస్తే, వాడిని పట్టుకోవడమెందుకు?"

"వాడి ఇల్లు పల్లం పక్కన లేదు."

ఆయన కింది పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాడు.

"రేపట్నుంచి నీ అన్నం నువ్వే వండుకో," అంది ఆవిడ.

ఆయన వండుకుంటానన్నాడు. రెండురోజుల్లో ఊరి అవతలివైపు గది చూసుకుని, ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా వెళ్ళిన చెల్లెలి మొగుడికి ఆ రోజు జోకేదీ తోచలేదు. డబ్బాని చెల్లెలు బూడిదతో తోమింది, సబ్బుతో తోమింది, వేడినీళ్ళలో మరిగించింది. మూత తీసిన ప్రతిసారీ రేవే పలకరించేది. చివరికి తీసుకెళ్ళి పాతసామాన్లవాడికిచ్చి, వాడు ఎదురు ఇవ్వబోయింది పుచ్చుకోకుండా వచ్చేసింది.

పల్లం పూడ్చారు. లావుపాటి గొట్టంలోంచి నల్లటి బురద రోజంతా కక్కుకున్నట్టు పడుతూనే ఉండేది. ఎండకి పైన పెచ్చుకట్టి నెర్రెలు విచ్చింది, వాన పడితే ఆ నెర్రెల్లో నీళ్ళ మీద నెమలిమెడ రంగులు తేలేవి. పెరటి తలుపు మూసే ఉంచింది చెల్లెలు. కంపుకి తలుపులడ్డమా? కుట్టి మడతపెట్టిన బట్టలకి కూడా పట్టుకుంది. "ఏమండీ, మీ ఇంట్లో ఏదో వాసన," అని ఒకావిడ, "ఈసారికి వేరే చోట ఇచ్చామండీ" అని ఇంకొకావిడ. ఒకనాడు కొత్త గౌను ఇస్తే పాపాయి వేసుకోనంటూ ముక్కు పట్టుకుంది, తల్లి నవ్వి ఊరుకుంది. చెల్లెలు ఆ ముక్కు పట్టుకోవడాన్ని మర్చిపోలేకపోయింది. మిషను మీద దుమ్ము పేరుకోవడం మొదలైంది. పక్కింటాయన కిటికీలకి మేకులు కొట్టించి, అడిగినవాళ్ళకల్లా "కొత్తమట్టి అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది" అని చెప్పేవాడు. ఆయన దగ్గు మాత్రం గోడ దాటి ఇవతలికి వినబడేది.

అన్నాచెల్లెళ్ళు ఆఖరిసారి కలుసుకున్నది ఆ వానలు వెళ్ళాక. అప్పటికి పెద్దాయన ఆయన్ని వేరే తీరంలో వేరే ఆఫీసుకి మార్పించాడు. వెళ్ళేముందు ఒక పొద్దున పెరటి వైపు నుంచే వచ్చాడు, ఆ పూడ్చిన నేల మీద నడిచి. చేతిలో ఐసుపెట్టె, అందులో గాజుసీసాలు, ప్లాస్టిక్ గరిట, రబ్బరు తొడుగులు. చెల్లెలు తలుపు తీసింది గానీ రమ్మనలేదు.

"ఆ కొత్త ఆఫీసులో పరీక్షించేవాళ్ళతో మాట్లాడాను," అన్నాడు. "సరిగ్గా తీసిన మట్టయితే చూస్తామన్నారు. ఇది శుభ్రమైంది కాదని వాళ్ళు తేలిస్తే దీన్ని ఎత్తించక తప్పదు."

"మనం ముందిచ్చిన దాన్ని నువ్వే కాదన్నావుగా."

"అన్నాను."

"ఇప్పుడిది చెల్లుతుందా?"

"తీయనీ ముందు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వయసు మీద పడింది, కూర్చోవడానికి గోడ పట్టుకున్నాడు. పై పెచ్చుని కదిలించకుండా గరిటె పక్కనుంచి పోనిచ్చి, నల్లటి గుజ్జుని కింద మన్ను తగలకుండా పైపైన తీశాడు. కంపు గుప్పుమంది. ఆయన ముఖం తిప్పుకోలేదు. చెల్లెలూ తిప్పుకోలేదు. రెండో గరిటె తీస్తుంటే సీసా ఒరిగింది. పట్టుకుందామని ఆవిడ వంగి చెయ్యి చాచింది.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు ఆయన తలెత్తకుండా. "ఇల్లు నీది, అన్నని నేను. నువ్వు పట్టుకున్న సీసా అంటే నేనే చెల్లదంటాను. పో, పక్కింటాయన్ని పిలువు. మనమంటే ఆయనకి పడదు కదా, ఆయన్ని వచ్చి పట్టుకోమను."